గోడ కోసం మూడు ఊళ్ళు

మా పిల్లల బడి గోడకి డబ్బు ఎక్కడ దొరికిందని ఈ మధ్య చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చాలామంది అడుగుతున్నారు. గ్రాంటు ఎవరిస్తారు, దరఖాస్తు ఎలా రాయాలి, ఎవరి చేత చెప్పించాలి అని. నాకు తెలిసింది నేను తిరిగిన దారి ఒక్కటే. అది తెనాలిలో మొదలై, బాపట్ల మీదుగా, రేపల్లె దగ్గర ఒక పల్లెలో నేను కలలో కూడా అనుకోని చోట ముగిసింది. ఆ దారే రాస్తున్నాను. బాబు నిద్రపోయాక రాస్తున్నాను కాబట్టి మధ్యలో ఎక్కడైనా తెగినట్టు అనిపిస్తే వాడు లేచాడని అనుకోండి.

మాది కొల్లూరు దగ్గర చిన్న ఊరు. మా బడి పలకా బలపం బడి కాదు. కూలికి వెళ్ళే తల్లులు పొద్దున్నే పిల్లల్ని వదిలి సాయంత్రం తీసుకెళ్ళే చోటు. పంచాయతీ వాళ్ళ పాత గోడౌను. నేను బి.ఏ. చదివి ఈ ఊరికి కోడలిగా వచ్చాను. నా కొడుకు కిరణ్‌తో పాటు పాతిక మంది పిల్లల్ని అక్కడ చూసుకుంటున్నాను. వెనక గుమ్మం దాటి నాలుగు అంగలేస్తే పంట కాలువ. పోయిన వర్షాకాలం, ఆ తల్లుల్లో ఒకరైన నాగమణి కూతురు బంతి వెనక పరుగెత్తి అందులోకి జారింది. గట్టు మీది తుమ్మ కంపకి గౌను చిక్కుకుంది కాబట్టి పిల్ల మిగిలింది. నేనే లాగాను. ఆ రోజు నుంచి నిద్రలో కూడా నాకు నీళ్ళ చప్పుడే.

సర్పంచి గారు మంచిగానే చెప్పారు. "అమ్మాయ్, ఇప్పుడంటే కాలువ ఎండింది. మళ్ళీ నీళ్ళు వదిలేలోపు గోడ లేవకపోతే గోడౌనుకి తాళం వేసేస్తాను. ఆ పాపం నా నెత్తిన వద్దు."

తాళం పడితే తల్లులు పిల్లల్ని చేల గట్ల మీద పడుకోబెట్టుకోవాలి. అక్కడా కాలువలే, పాములు అదనం. పంచాయతీలో డబ్బు లేదు. పైగా అది వరద లంకల్ని ముంచేసిన సంవత్సరం. కూరగాయలు కుళ్ళిపోయి, అరటి తోటలు పడిపోయి, ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా వాళ్ళ కష్టమే ముందు చెప్పేవారు. మేస్త్రీ ఆరు వేలవుతుందన్నాడు.

మా వారు సొసైటీలో గుమాస్తా, సెలవు దొరకలేదు. "నువ్వు వెళ్ళిరా, బాబుని అమ్మ చూసుకుంటుంది" అన్నారు. బాబు నన్ను వదిలి ఉండడని చెప్పాను. నిజానికి వాణ్ణి వదిలి ఉండలేనిది నేనే. ఇద్దరం బయల్దేరాం.

తెనాలి: సింహాల ద్వారం

తెనాలి బస్టాండులో దిగగానే కిరణ్ అరటిపండు కావాలన్నాడు. ఒక్కటి రూపాయట. మా ఊళ్ళో గుమ్మంలోకి వచ్చిన వాళ్ళకి ఊరికే చేతిలో పెడతాం.

"ఏ ఊరి కాయ?" అని అడిగాను.

"కొల్లూరు లంకలమ్మా. ఆ మట్టి తీపే వేరు. నువ్వెప్పుడైనా చూశావో లేదో" అన్నాడు బండివాడు. చూశానని చెప్పలేక కొనేశాను.

తెనాలిలో నేను కలవాల్సింది ఒక రైసు మిల్లు యజమానిని. గుళ్ళకీ బళ్ళకీ ఇస్తారని పేరు. మనిషి మర్యాదస్థుడు. ఎండన పడి వచ్చామని ఫ్యాను మా వైపు తిప్పించారు. నేను చెప్పేదంతా తలూపుతూ విన్నారు.

"గోడ ముందు వైపా, వెనక వైపా అమ్మా?"

"వెనక వైపండి. కాలువ అటే ఉంది."

ఆయన మొహంలో ఉత్సాహం తగ్గిపోయింది. "వెనక కడితే ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడక్కర్లేదండి. పిల్లలు పడకుండా ఉంటే చాలు."

ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. "ఒక పని చేద్దాం. ముందు వైపు ముఖద్వారం కట్టిస్తాను. మా నాన్నగారి పేరు మీద. సిమెంటు అక్షరాలు, అటొక సింహం, ఇటొక సింహం. పదివేలైనా పర్లేదు."

"ద్వారంలోంచి పిల్లలు బయటికి వెళ్తారు కదండీ. నాకు కావలసింది వెళ్ళకుండా…"

"గేటు పెడదాం!"

లోపలి గదిలోంచి ఒక ముసలి గొంతు వినిపించింది. "ఒరేయ్, ఆ పిల్ల గోడ అడుగుతుంటే నువ్వు సింహాలిస్తానంటావేంటిరా? సింహాలు లేచి పిల్లల్ని పట్టుకుంటాయా?"

"నువ్వుండమ్మా."

ఆవిడ ఉండలేదు. కర్ర పట్టుకుని బయటికొచ్చి, నన్నూ బాబునీ వంటింట్లోకి తీసుకెళ్ళి, అల్లం పచ్చడితో పెసరట్లు పెట్టించింది. మా వైపు పెసరట్టు పల్చగా, కరకరలాడేలా పోస్తాం. అక్కడ మందంగా, మధ్యలో ఉప్మా పెట్టి మడిచారు. ఒక్కటి తినేసరికి కడుపు నిండింది. నా కళ్ళు కూడా నిండాయి, అది పచ్చిమిరపకాయ మీదికి తోసేశాను.

"వాడికి పేరు పిచ్చి తల్లీ, మనసు చెడ్డది కాదు" అంది ఆవిడ. "బాపట్లలో ఒక ట్రస్టుంది. పిల్లల్లేని దంపతులు తమ పొలం రాసిచ్చి పోయారు. ఆ కౌలు డబ్బుతో పల్లెటూళ్ళకి గ్రాంటులిస్తారు. అక్కడ సింహాల గోల ఉండదు. రేపే వెళ్ళు." కొడుకు చేత అడ్రసు కాగితం మీద రాయించి ఇచ్చింది.

బాపట్ల పాసింజరులో

ఆ రాత్రి ఆ ముసలావిడ దగ్గరే ఉండి, మర్నాడు పొద్దున పాసింజరు ఎక్కాం. రైల్లో నా ఎదురుగా వేటపాలెం ఆవిడ కూర్చుంది. పేరు రత్తమ్మ. జీడిపప్పు కార్ఖానాలో పని. వేళ్ళ చివర్లు నల్లగా, మొద్దుబారినట్టున్నాయి. జీడి గింజ పగలగొడితే కారే నూనెకి చర్మం కాలిపోతుందట. బాబు ఆ వేళ్ళనే చూస్తున్నాడు. ఆవిడ నవ్వి వాటిని చీర కొంగులో దాచుకుంది.

పిల్లల్ని ఏం చేస్తారని అడిగాను. నా బుర్రలో ఆ రోజుల్లో ఆ ప్రశ్న తప్ప ఇంకోటి ఉండేది కాదు.

"ఏం చేస్తాం అక్కా, పాత చీర నడుముకి కట్టి, రెండో కొస షెడ్డు స్తంభానికి కడతాం. ఎంత దూరం పోవాలో అంత దూరమే పోతారు. అలవాటైపోద్ది."

"ఏడవరా?"

"మొదట్లో ఏడుస్తారు. తర్వాత స్తంభం చుట్టూ తిరుగుతారు." ఆ మాట మామూలుగానే అంది. కొంగు సర్దుకుని, "మీ బడికి గోడ కడితే లోపల కట్టెయ్యకుండానే తిరగొచ్చుగా పిల్లలు?" అని అడిగింది.

తిరగొచ్చన్నాను.

"అయితే కట్టించెయ్" అంది, గోడ కట్టడమంటే నా చేతిలో పని అన్నట్టు. బాపట్లలో నేను దిగుతుంటే, అరచేతిలో పట్టేన్ని బద్ద జీడిపప్పులు పొట్లం కట్టి బాబు జేబులో పెట్టింది. బద్దలకి ధర తక్కువట, అందుకే కూలీలకి దొరుకుతాయి. అంత తియ్యటి జీడిపప్పు నేను తినలేదు.

బాపట్ల: సగం మాదీ, సగం మీదీ

ట్రస్టు ఆఫీసంటే బోర్డూ బంట్రోతూ ఉంటారనుకున్నాను. ఒక పెంకుటింటి వరండా. అక్కడ రిటైరైన హెడ్మాస్టరు రామ్మూర్తి గారు పడక కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. ఆయనే సెక్రటరీ. నేను దరఖాస్తు బయటికి తీసి బల్ల మీద పెట్టిన క్షణంలోనే కిరణ్ ఆయన గ్లాసు లాగాడు. మజ్జిగంతా నా అక్షరాల మీద పరుచుకుంది. నాకు అక్కడికక్కడే భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది.

"పోనివ్వమ్మా. నాకు చదవడం కన్నా వినడం ఇష్టం. చెప్పు" అన్నారు ఆయన, కాగితాన్ని రెండు వేళ్ళతో ఎత్తి ఎండలో ఆరేస్తూ.

చెప్పాను. తుమ్మ కంప దగ్గరికొచ్చేసరికి కిరణ్‌ని ఒళ్ళోకి లాక్కున్నాను. ఆయన కిరణ్ వైపు చూస్తూ విన్నారు.

"మూడు వేలిస్తాం" అన్నారు.

"ఆరవుతుందండి."

"తెలుసు. సగం మాది, సగం మీది. అది ట్రస్టు నియమం. ఆ సగం కూడా ఒక్కరి చేతి మీదుగా రాకూడదు. పదిమంది చేతులు పడాలి."

"తెనాలిలో ఒకాయన్ని బతిమాలితే ఇస్తారేమోనండి…"

"ఆయనిస్తే గోడ ఆయనదవుతుంది. రేపు ఆయనకి మీ సర్పంచితో పేచీ వచ్చిందనుకో, గోడ నాదంటాడు. ఇలా కట్టిన వాటిని చాలా చూశానమ్మా. పదిమంది కట్టింది ఎవరూ లాక్కోలేరు. పైగా ఇటుక ఊడితే పెట్టడానికి ఒకడు కాకపోతే ఇంకొకడు వస్తాడు."

మా ఊరు వరదలో మునిగిందని చెప్పాను. ఆయన జాలిపడ్డారు కానీ నియమం మారలేదు. నెలాఖరుకి కమిటీ కూర్చుంటుంది, ఆలోపు మా సగం చేతిలో ఉండాలి. ఇచ్చిన వాళ్ళలో ఒకరు స్వయంగా వచ్చి, ఎందుకిచ్చారో తన నోటితో చెప్పాలి.

ఆయన భార్య మాకు భోజనం పెట్టింది. గోంగూర పప్పు, మీగడ పెరుగు. నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను. సగం దొరికిందని సంతోషించాలో, మిగిలిన సగం ఎక్కడిదని ఏడవాలో తెలియలేదు. అన్నం తిన్నాక కిరణ్ హాయిగా ఆవిడ ఒళ్ళో నిద్రపోయాడు.

రేపల్లె: సుగుణ ఇల్లు

రేపల్లెలో నా కాలేజీ స్నేహితురాలు సుగుణ టీచరు. లూథరన్ క్రైస్తవ కుటుంబం. హాస్టల్లో మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. ఊరికి తిరిగి వెళ్ళే ముందు దాన్ని ఒకసారి చూసి, కడుపారా ఏడ్చి వెళ్దామనుకున్నాను. చెరుకుపల్లి మీదుగా బస్సు. వరి కోసేసిన చేలల్లో మినుము పచ్చగా లేచింది. రేపల్లె దగ్గరపడేకొద్దీ ఆ పచ్చదనం మధ్యలో కొత్తగా తవ్విన రొయ్యల చెరువులు తళతళలాడుతూ కనిపించాయి. నేను మాత్రం వాటికి గట్లు ఎంత ఎత్తున్నాయా అనే చూశాను.

"ఒసేయ్ పద్మా, ఇలా అయిపోయావేంటే! నీ కంటే నీ సంచీ లావుగా ఉంది" అంది సుగుణ గుమ్మంలోనే.

వాళ్ళమ్మ రొయ్యల ఇగురు వండింది. నేను తిననని గుర్తుపెట్టుకుని నాకు విడిగా దోసకాయ పప్పు చేసింది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఆవిడ ఒక గుప్పెడు తీసి మూలనున్న కుండలో వేయడం చూశాను. అది గుడికట. వాళ్ళు చర్చిని గుడి అనే అంటారు. మా అత్తగారు ధనుర్మాసంలో హరిదాసు కోసం తీసి పెట్టినట్టే. కాకపోతే వీళ్ళకి ఏడాది పొడుగునా.

మా సగం డబ్బు సంగతి విని సుగుణ, "రేపు ఆదివారం పెనుమూడి వైపు మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో కోతల పండుగ. నేను వెళ్ళి తీరాలి. నువ్వూ రా. తర్వాత పాస్టరు గారిని కలిసి మెల్లిగా అడుగుదాం" అంది. అక్కడికి వెళ్తే ఏదో వస్తుందన్న నమ్మకం నాకు లేదు. ఒక పూట మంచి మాటలు వినొచ్చని వెళ్ళాను.

గుమ్మడికాయ పాట

చిన్న గుడి. లోపల ఆరాధన అయ్యాక అందరూ బయట పందిట్లో చేరారు. ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి ముందు పెట్టారు. వడ్ల కంకులు, మినుములు, కోడిగుడ్లు, కాళ్ళు కట్టిన పుంజులు, ఒక బుట్ట ఎండు చేపలు, ఒక పెద్ద గుమ్మడికాయ. వాటిని ఒక్కొక్కటీ వేలం పాట పెడతారు.

పాటంటే మా ఊళ్ళోనూ ఉంది. చేపల చెరువుకీ, రేవుకీ పాడతారు. అక్కడ ముందే నలుగురూ కూడబలుక్కుని, ధర ఎంత తక్కువకి తెగుతుందా అని చూస్తారు. ఇక్కడ కోడిగుడ్డు పదిహేను రూపాయలకి పోయింది! పాడిన వాడి మొహంలో గెలిచిన సంతోషం.

పాట పాడించేది సంఘ పెద్ద దేవదానం గారు. గొంతు బస్సు హారన్‌లా ఉంటుంది. ఆయన గుమ్మడికాయని నెత్తికెత్తి, "నలభై! నలభై, ఒకటోసారి!" అంటుండగా నా ఒళ్ళో కూర్చున్న కిరణ్ రెండు చేతులూ పైకెత్తి, "నాకూ!" అని అరిచాడు.

"యాభై! చంటి దొరగారి పాట యాభై!"

పందిరంతా నవ్వింది. "కాదండీ, వీడు ఊరికే…" అంటూ లేచాను. నా మాట ఎవరికీ వినపడలేదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. కాయ నా చేతుల్లో పెట్టేశారు. నా దగ్గర ఉన్నవి బస్సు చార్జీలూ, పైన ఇంకొంచెమూ. పరాయి ఊళ్ళో, వాళ్ళ పండుగ రోజున, ఇవ్వనని ఎలా అనను? ఇచ్చేసి, కాయని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద కిరణ్‌ని పెట్టుకుని కూర్చున్నాను.

తర్వాతి వస్తువు ఎత్తలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు.

"తిరిగి ఇచ్చెయ్యవే" అని గొణిగింది సుగుణ.

"ఎందుకివ్వాలి? యాభై పోశానుగా!"

"ఇంటికి పట్టుకుపోతావా దాన్ని? మా ఊళ్ళో గుమ్మడికాయని మొదట పాడి గెలిచినవాళ్ళు తిరిగిస్తారు. దాన్ని మళ్ళీ పాడతారు. ఆ పాట ఎవరి పేరున పాడాలో ఇచ్చినవాళ్ళే చెప్పాలి. పోయినేడు మా మావయ్య గెలిచి, ఇల్లు కాలిపోయిన వాళ్ళ పేరు చెప్పాడు. నీకు ముందే చెప్పనందుకు నన్ను తిట్టుకో, నువ్వు పాడతావని ఎవరనుకున్నారు?"

కాయ మోసుకుంటూ ముందుకి వెళ్ళాను. దేవదానం గారు ఈసారి మామూలు గొంతుతో అడిగారు. "ఎవరి పేరున తల్లీ?"

మూడు రోజులుగా దరఖాస్తు భాషలో చెప్పి చెప్పి ఉన్నాను. ఆ మాటలేవీ నోటికి రాలేదు. "మా ఊళ్ళో కాలువ గట్టు మీద పాతిక మంది పిల్లలున్నారండి. మధ్యలో గోడ లేదు" అన్నాను.

"మీది మా గుడి కాదేమో?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"గుమ్మడికాయకి ఏ గుడైతే ఏంటిరా!" అని ఒక ముసలావిడ కసురుకుంది. ఆవిడ పేరు మరియమ్మ. లేచి, "పది!" అని మొదలుపెట్టింది.

ఆ తర్వాత జరిగింది పాటో పోట్లాటో చెప్పలేను. గెలిచిన ప్రతివాళ్ళూ డబ్బు పోసి, కాయ తిరిగి ఇచ్చేస్తున్నారు. మళ్ళీ మొదలు. ఒకాయన "ఇరవై" అంటే, దేవదానం గారు మైకు లేకుండానే ఊరంతటికీ వినిపించేలా, "రొయ్యల చెరువు వేసినోడివి, ఇరవై అంటావేంటయ్యా బావా? ఒక్క రొయ్య మీసం ఖరీదు కాదు!" అన్నారు. బావగారు సిగ్గుపడి మూడొందలన్నాడు. ఆయన తమ్ముడికి రోషం వచ్చి మూడొందల యాభై అన్నాడు. డబ్బు లేనివాళ్ళు మినుములు కొలిచారు. ఒకామె తను తెచ్చిన పుంజునే తాకట్టు పెట్టి పాడింది. కిరణ్ ప్రతిసారీ "నాకూ!" అంటుంటే నేను వాడి చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

చేతులు మారి మారి, చివరికి కాయ ఒకతని పట్టు జారి కిందపడి రెండు చెక్కలైంది. "పాట అయిపోయింది!" అని ప్రకటించారు దేవదానం గారు. ఆడవాళ్ళు చెక్కలు తీసుకెళ్ళి పులుసులో వేసేశారు. మధ్యాహ్నం అందరం బంతిలో కూర్చుని ఆ పులుసే తిన్నాం. మాకు కావలసిన మూడు వేలు దాటి ఇంకొంచెం వచ్చింది. రెండోసారి వడ్డించమని నేనే అడిగి వేయించుకున్నాను. ఇంటి నుంచి బయల్దేరాక నాకు ఆకలేసింది ఆ రోజే.

మళ్ళీ బాపట్ల

ఇచ్చినవాళ్ళలో ఒకరు రావాలి కదా, మరియమ్మ వచ్చింది. బస్సులో ఒక భయం పట్టుకుంది నన్ను. ట్రస్టు వాళ్ళ నియమం ప్రకారం సగం మా ఊరిది కావాలి. ఇది వేరే ఊరి డబ్బు. దారి పొడవునా ఆ మాటే తిప్పి తిప్పి అనుకున్నాను. మరియమ్మ మాత్రం కిటికీ పక్కన కూర్చుని కిరణ్‌కి వేరుశనక్కాయలు ఒలిచి పెడుతోంది.

రామ్మూర్తి గారు అంతా విని, నేను భయపడ్డ చోటే ఆగారు. "ఎంతమంది ఇచ్చారు?"

"లెక్క చూడలేదయ్యగారూ. కాయ పగిలేదాకా ఇచ్చాం" అంది మరియమ్మ.

"బాగుంది. కానీ ఆ గోడ కొల్లూరు వైపు ఊళ్ళో కదా. మీ ఊరికి దాంతో ఏం పనమ్మా?"

నేను మరియమ్మ వైపు తిరిగాను.

మరియమ్మ ఆయన్ని వింతగా చూసింది. "నాట్లప్పుడు మా ఆడోళ్ళం ముఠా కట్టి ఆ వైపుకే కదండీ వచ్చేది. నెల రోజులు అక్కడే ఉంటాం. మా పిల్లల్ని ఎక్కడ పెట్టుకోమంటారు? పోయినేడు నా మనవణ్ణి గట్టు మీద గొడుగు కింద పడుకోబెట్టి, నారు నాటుతూనే, తలెత్తి తలెత్తి చూసుకున్నా. ఈ అమ్మాయి గోడ అంటే, మాదే అనుకుని పాడాం."

రామ్మూర్తి గారు కుర్చీలోంచి లేచారు. లోపలికి వెళ్ళి, కళ్ళజోడు తుడుచుకుంటూ తిరిగొచ్చారు. "కమిటీ దాకా ఆగక్కర్లేదు. వాళ్ళకి నేను చెప్పుకుంటాను. ఇటుకలు పురమాయించుకో అమ్మాయ్" అన్నారు.

తిరుగు ప్రయాణంలో తెనాలి దాకా నిద్రపోయాను. కిరణ్ పుట్టాక బస్సులో, రైల్లో నేను కన్ను మూయడం అదే మొదలు. అక్కడ మరియమ్మ దగ్గర సెలవు తీసుకునేటప్పుడు నాట్లకి వచ్చినప్పుడు మా ఇంట్లోనే దిగమని చెప్పాను. "ముఠా అంతా దిగుతాం, చూసుకో" అని బెదిరించింది.

మా ఊరు

గోడ మే నెలాఖరుకే లేచింది. మా ఊరి వాళ్ళు డబ్బు ఇవ్వలేకపోయినా మట్టి మోశారు, ఇటుకలు తడిపారు. నాగమణి సిమెంటు తట్ట దించకుండా రెండు రోజులు పని చేసింది. కాలువకి నీళ్ళు వదిలిన పొద్దున సర్పంచి గారు తాళం చెవి పట్టుకుని వచ్చి, గోడని రెండు చేతులతో నెట్టి చూసి, తాళం చెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

నాట్లు మొదలయ్యాయి. పెనుమూడి వైపు ముఠా వచ్చింది. బడిలో ఇప్పుడు నలభై మంది పిల్లలు. మొదటి రోజే పెద్ద గొడవ. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది కానీ కాలువ కనిపించడం లేదని పిల్లలందరూ గోడ దగ్గర చేరి ఏడుపు. మరియమ్మ మనవడు కాళ్ళు కొట్టుకుంటున్నాడు. నాగమణి కూతురు నా చీర పట్టుకుని లాగింది. "ఆంటీ, నీళ్ళు చూపించు!"

దాన్ని ఎత్తుకున్నాను. మోచేతులు గోడ మీద ఆనించి, ఎర్రటి కొత్త నీరు సుళ్ళు తిరుగుతూ పోవడం ఇద్దరం చాలాసేపు చూశాం. కింద మిగిలిన వాళ్ళు వరసలో నిలబడ్డారు. నా వంతు, నా వంతు అని ఒకటే గోల. ఒక్కొక్కరినీ ఎత్తి చూపించాను. చేతులు లాగేస్తున్నా నాకు తొందరేమీ అనిపించలేదు.